ఓడినవాళ్ళు టీ తేవాలి

మా మేనత్త గొంతు ముందు వినపడుతుంది, మనిషి తర్వాత కనపడుతుంది. ఊరి చివర సరుకు లారీల యార్డులో, మేడ మీది అద్దాల గదిలో, మైకు ముందు ఆవిడ ఉద్యోగం. లోపలికొచ్చిన ప్రతి లారీ ఏ ప్లాట్‌ఫారానికి వెళ్ళి సరుకు దించుకోవాలో ఆవిడ చెప్పాలి, అది యార్డు నాలుగు మూలలా లౌడ్‌స్పీకర్లలో మోగాలి. డ్రైవర్లు ఆవిడకి సైరన్ మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "సైరన్ మోగితేనే కదా మీ బండ్లు కదిలేది" అనేది.

నేనూ అదే గదిలో, ఆవిడ వెనక బల్ల దగ్గర బిల్లులు కొట్టే పనిలో ఉన్నాను. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్న కథ కాదు. కళ్ళారా చూశాను, చెవులారా విన్నాను, అడక్కపోయినా మధ్యలో నా నోరు కూడా పెట్టాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారా? నా మేనత్త కాబట్టి.

అత్త మా నాన్నకి అక్క. తల్లీతండ్రీ లేని ఇంట్లో తమ్ముణ్ణి చదివించి, ఉద్యోగంలో కుదిర్చి, పెళ్ళి చేసి, ఇక తన సంగతి చూసుకుందామనుకునేసరికి వయసు చెప్పాపెట్టకుండా దాటిపోయింది. నాన్న ఆ ఋణం తీర్చుకునే పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. కిటికీ పక్క కుర్చీ అత్తదే. టీవీలో అత్త పెట్టిందే చూడాలి. ఆదివారం పేకాటలో నాన్న ఆసు చేతిలో దాచుకుని చిన్న ముక్క వేసేవాడు, అత్త గెలిస్తే చప్పట్లు కొట్టేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని అత్త అంటే చాలు, ఎక్కువ కాకపోయినా అమ్మ "అవును వదినా" అని తలూపేది. ఎదురు చెప్తే పాపం బాధపడుతుందట! మా ఇంట్లో ఆ 'పాపం' అనే మాట చీమల్లా గదిగదికీ తిరిగేది.

యార్డులో మాత్రం అత్తని చూసి ఎవరూ పాపం అనేవారు కాదు. అంత ధైర్యం ఎవరికుంది?

లోపలికొచ్చిన లారీ ముందు కాటా ఎక్కాలి. నేలలో బిగించిన పెద్ద ఇనప పలక అది. లారీ దాని మీద ఆగగానే పక్కనున్న బోర్డు మీద ఎర్రటి అంకెల్లో బరువు పడుతుంది. ఆ కాటా చూసుకునే మనిషిని అందరూ కాటా ఆయన అనే పిలిచేవారు. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. మెత్తటి మాట, ఇస్త్రీ చొక్కా. గేటు దగ్గర ప్రతి లారీకీ తగిలించే యార్డు నంబరు ప్లేటు చూసి దాని మీదున్న మూడు ఇంగ్లీషు అక్షరాలూ, అంకెలూ మైకులో చదవడం ఆయన పని. అది విని ప్లాట్‌ఫారం చెప్పడం అత్త పని.

ఆయన కొత్తగా చేరిన వర్షాకాలంలో మొదలైంది ఆట. రేకుల కప్పు మీద వాన మోతకి బి అంటే డి అనీ, పి అంటే టి అనీ వినపడేది. అందుకని ఆయన ఒక్కో అక్షరానికీ ఒక్కో మాట చెప్పేవాడు. "ఎమ్ ఫర్ మంకీ, బి ఫర్ బాల్, ఎల్ ఫర్ లెమన్" అన్నాడొక రోజు. అత్తకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఏమండీ, ఇదేమన్నా ఒకటో తరగతా? మూడు మాటలెందుకు? మూడక్షరాలూ వరసగా వచ్చే మాట ఒక్కటి చెప్పకూడదూ?"

ఆయన నెమ్మదిగా "మొబైల్" అన్నాడు.

అత్త ఊరుకుంటుందా? లారీ ప్లాట్‌ఫారం చేరేలోపు మైకు నొక్కి "ఇంపాసిబిలిటీ" అంది. ఎమ్, బి, ఎల్ మూడూ అదే వరసలో ఉన్నాయి, మధ్యలో ఇంకెన్ని దూరితేనేం? ఆయన మాటకి రెట్టింపు దాటిన పొడుగు. కింద డ్రైవర్లు ఈల వేశారు.

అంతే, ఇక లారీ కాటా ఎక్కడమే ఆలస్యం, ఇద్దరూ మాటలు వెతకడం. పొడుగు మాట చెప్పినవాళ్ళదే గెలుపు. చివర ఎస్ తగిలించి పొడుగు పెంచకూడదు. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, మందుల పేర్లు చెల్లవు. తగువొస్తే అత్త బల్ల మీదున్న లావుపాటి డిక్షనరీదే తీర్పు. డ్రైవర్లు ఆట వినాలని హారన్లు కొట్టడం మానేశారు, దాంతో మేనేజరు కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

మొదట్లో ఇద్దరూ సమఉజ్జీలు. తర్వాత్తర్వాత అత్తే గెలవసాగింది, రోజూ, ఒకటీ రెండూ అక్షరాల తేడాతో. ఊరికే గెలవలేదు. బస్సులో కూర్చుని డిక్షనరీ నమిలేది. కూరగాయలు తరుగుతూ, అమ్మ "వదినా" అని పిలిచినా వినకుండా పెదాలు కదిపేది. అలాంటప్పుడు కాటా ఆయనే ఒక పందెం పెట్టాడు: రోజులో ఎక్కువసార్లు ఓడినవాళ్ళు సాయంత్రం టీ చేసి రెండోవాళ్ళకి పట్టుకెళ్ళాలని. అప్పట్నించీ ప్రతి సాయంత్రం ఆయనే కప్పు పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాడు. పందెం పెట్టినవాడే రోజూ ఓడిపోతుంటే ఎవరికైనా అనుమానం రావాలి. మాకు రాలేదు.

"నేర్చుకుంటే వస్తుందే ఏదైనా. చూడు, ఈ వయసులో నా బుర్ర ఎలా పదునెక్కిందో" అనేది అత్త టీ తాగుతూ. ఆ కప్పు పట్టుకున్న తీరులో ఎంత గర్వం!

ఇలా ఉండగా ఊరి అవతలి కొసన కంపెనీవాళ్ళు ఇంకో యార్డు కట్టారు. కాటా ఆయన్ని నెలాఖరుకి అక్కడికి మార్చారు. ఆ కబురొచ్చిన సాయంత్రం ఆయన టీ బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"మేడమ్, ఇక్కడ నెలాఖరు వరకే. ఆ తర్వాత కూడా మీకు టీ చేసిపెట్టే అవకాశం ఉంటే బాగుండుననిపిస్తోంది. అంటే... పెళ్ళి సంగతి. ఆలోచించి చెప్పండి. తొందరేం లేదు." ఒక క్షణం ఆగి, "నెలాఖరు లోపు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. "నువ్వు బిల్లులు చూసుకో!" అని అత్త నా మీద అరిచింది. ఆ అరుపు మాత్రం సైరన్‌లా మోగలేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ ఆదివారం కొత్త చెప్పులు కొనుక్కుంది, పాతవి లక్షణంగా ఉండగా. అన్నం తింటూ తింటూ, "ఊరి అవతలి కొసకి బస్సులు బాగానే ఉంటాయిట్రా?" అని నాన్నని అడిగింది. ఎందుకని కూడా అడక్కుండా "నీ ఇష్టం అక్కా" అన్నాడు మహానుభావుడు. నేను పళ్ళెంలోకి తలొంచుకుని నవ్వుకున్నాను. అత్త మనసు సగం కాదు, ముప్పాతిక అటే మొగ్గిందని నాకు తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడు ఊడిపడ్డాడు ఆ గోధుమల లారీ డ్రైవరు. కాయితం మీద సంతకం కోసం మేడెక్కి మా గది కిటికీ దగ్గరికొచ్చి పళ్ళికిలించాడు.

"మీ కాటా ఆయన భలే మనిషి మేడమ్. పోయినసారి నా ప్లేటు మీద కె, టి, ఎన్ చూడగానే కిండర్‌గార్టెన్ అన్నాడు నాతో. మా పాపని కిండర్‌గార్టెన్‌లోనే వేశానని చెప్తే ఎంత మురిసిపోయాడో!"

అత్త చేతిలో కలం ఆగిపోయింది. ఆ పందెం నాకూ గుర్తే. ఆ రోజు ఆయన మైకులో "కిచెన్" అన్నాడు. అత్త "నిట్టింగ్" అంది, ముందున్న పలకని కె కూడా కలుపుకుని ఒక్క అక్షరం తేడాతో గెలిచి సాయంత్రం దాకా ఈల వేసుకుంటూ తిరిగింది.

"కిండర్‌గార్టెన్ అని ఎప్పుడన్నాడు? పందెం అయిపోయాకా?"

"లేదు మేడమ్, ముందే. బండి కాటా ఎక్కుతుండగానే. మీకు మాత్రం కిచెన్ అని చెప్పాడు. అదేంటి సార్ అంటే, నోటి మీద వేలేసుకుని కన్ను కొట్టాడు." అప్పటికి గాని వాడికి తను ఏం చేశాడో తెలియలేదు. కాయితం అక్కడే వదిలేసి జారుకున్నాడు.

అత్త లేచింది. మెట్లు దిగింది. నేను వెనకాలే పరిగెత్తాను. ఆ కోపంలో ఎక్కడ నిలబడుతోందో కూడా చూసుకోకుండా తిన్నగా కాటా పలక మధ్యలో నిలబడి ఆయన కిటికీకేసి వేలు చూపించింది. బోర్డు మీద ఎర్రటి అంకెల్లో ఆవిడ బరువు పడింది. వరసలో ఉన్న డ్రైవర్లందరూ చదువుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"అడుగుతుంటే మిమ్మల్నే! ఎన్నాళ్ళ నుంచి కావాలని ఓడిపోతున్నారు?"

"మీరు సంతోషపడతారని..."

"నేనేమన్నా చంటిపిల్లనా, బెల్లంముక్క చేతిలో పెట్టి సంతోషపెట్టడానికి? మీ టీలు, మీ ఓటములు, అన్నీ మీ దగ్గరే పెట్టుకోండి. పెళ్ళి మాట కూడా!"

ఎవడో డ్రైవరు కిసుక్కుమన్నాడు. అత్త అటు తిరిగి ఒక్క చూపు చూసేసరికి వాడు లారీ ఎక్కి తలుపేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చోలేదు అత్త. గుమ్మం మెట్టు మీద కూర్చుంది. నాన్న కుర్చీ మోసుకొచ్చి పక్కన వేయబోతే, "తీసుకుపోరా దాన్ని!" అని కసిరింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాకేసి తిరిగి అంది.

"మీ నాన్న చేతిలో ఆసు ఉందని నాకు తెలీదనుకున్నావా? ఇరవై ఏళ్ళుగా తెలుసు. పోన్లే, వాడి తృప్తి వాడిదని ఊరుకున్నా. ఈ ఇంట్లో మీరంతా నాకు వదిలేస్తారే. కుర్చీ వదిలేస్తారు, టీవీ వదిలేస్తారు, మాట వదిలేస్తారు. ఒక్కరైనా నాతో సరిగ్గా పోట్లాడారా? అక్కడొక్కచోట, ఆ మైకు దగ్గర, నేను కష్టపడి గెలిచాననుకున్నా. అదీ భిక్షేనట." అంతటి మనిషి, కళ్ళు తుడుచుకుంది. నాకు నాన్న మీదా, కాటా ఆయన మీదా, నా మీదా కూడా కోపమొచ్చింది. ఎందుకంటే నేనూ ఆవిడతో ఎప్పుడూ పోట్లాడలేదు.

మర్నాటి నుంచి ఆట లేదు. ఆయన అక్షరాలు చదవడం, ఈవిడ "ఆరో ప్లాట్‌ఫారం", "రెండో ప్లాట్‌ఫారం" అనడం, అంతే. డ్రైవర్లు మళ్ళీ హారన్లు మొదలుపెట్టారు. నెలాఖరు దగ్గర పడుతోంది. అత్త తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం, మెట్టు దిగదు. ఆయనేమో మింగలేక కక్కలేక కిటికీలోంచి మేడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఇద్దరినీ చూసి చూసి నాకు విసుగెత్తి, ఒక మధ్యాహ్నం నేనే కిందికి వెళ్ళాను.

"అంకుల్, అసలెందుకు చేశారా పని?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక రోజు పొద్దుట్నించీ ఆవిడ గొంతు బాగాలేదమ్మా. ఏం జరిగిందో తెలీదు. నా దగ్గర పెద్ద మాటే ఉంది, మింగేసి చిన్నది చెప్పా. ఆవిడ గెలిచింది. మైకు ఆపడం మరిచిపోయి నవ్వింది. యార్డంతా వినపడింది ఆ నవ్వు. మళ్ళీ వినాలనిపించింది. ఆ తర్వాత టీ వంకతో మెట్లెక్కి రావచ్చు కదా అనిపించింది. తప్పంటావా?"

అంత ముద్దుగా చెప్తే తిట్టడం కష్టమే. అయినా తిట్టాను. "తప్పే! మా ఇంట్లో ఆసు దాచుకునే మనిషి ఒకరున్నారు. ఆవిడకి ఇంకొకరు అక్కర్లేదు. బస్సులో కూర్చుని డిక్షనరీ చదివింది మా అత్త. ఆ చదువంతా మీరు బూడిదలో పోసిన పన్నీరు చేశారు."

ఆయన ముఖం వాడిపోయింది. నిజంగానే ఆ సంగతి ఆయనకి తట్టలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?"

"ఆడండి. పళ్ళు బిగించి ఆడండి."

"గెలిస్తే?"

"గెలవండి."

"కోపమొస్తే ఆవిడకి?"

"ఇప్పుడేమన్నా పూలు చల్లుతోందా?" అని వచ్చేశాను.

ఆయన ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం దాకా ఏమీ జరగలేదు. అత్త కలం మూత తీస్తుంది, పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. కాటా ఆయన సీటు నుంచి లేచే వేళవుతుండగా ఇటుకల లారీ ఒకటి కాటా ఎక్కింది. లౌడ్‌స్పీకరు గరగరలాడింది.

"సి, ఆర్, జి" అన్నాడాయన. అంకెలు చదవలేదు. గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇవాళ నేను నిజంగా ఆడతాను. మీరూ ఆడండి. చేతకాక ఓడిపోతే ఓడిపోతాను. కావాలని మాత్రం ఓడను. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ."

యార్డులో ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కూలీలు మూటలు దించి పైకి చూశారు. అత్త మైకుకేసి చూసింది, నాకేసి చూసింది, కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. అప్పుడు మైకు నొక్కింది.

"ఎన్‌కరేజ్‌మెంట్."

డ్రైవర్ల ఈలలు. నిజంగా గొప్ప మాట. సి, ఆర్, జి వరసగా ఉన్నాయి, పొడుగూ ఉంది. ఆఖరి రోజున ఒక మనిషితో అనదగ్గ మాట కూడా. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, అయిపోయింది, రాజీ కుదిరిందనుకున్నాను.

కిటికీలోంచి చూస్తే కింద ఆయన నుదురు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. చెమట తుడుచుకుంటున్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు, మళ్ళీ లెక్కపెడుతున్నాడు. మాట దొరికిందని నాకు అర్థమైంది. అది చెప్పడానికి నోరు రావడం లేదనీ అర్థమైంది. ఊరుకుంటే చాలు, అత్త గెలుస్తుంది, నవ్వుతుంది. ఒక్క మాట మింగితే సరిపోతుంది, ఇన్నాళ్ళూ మింగినట్టే.

"క్షమించండి మేడమ్" అంది లౌడ్‌స్పీకరు. "డిస్కరేజ్‌మెంట్."

"ఓరి నాయనో!" అన్నారెవరో కింద. "పెళ్ళి అడిగి ఆ మాటంటాడేంట్రా ఈయన!"

అత్త బల్ల మీద వేళ్ళు ఆనించి లెక్కపెట్టింది. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టింది. ఒక్క అక్షరం ఎక్కువ. నేను కుర్చీ అంచున కూర్చుని, ఇప్పుడు పిడుగు ఎవరి మీద పడుతుందా అని చూస్తున్నాను. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని హడలిపోయాను. ఏడుపు కాదు, నవ్వు. మైకు ఆపకుండా, యార్డంతా వినపడేలా, పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓడిపోయానే!" అంది నా చేయి పట్టుకుని, పరీక్ష పాసైనట్టు. "నిజంగా ఓడిపోయాను! చూశావా మనిషికి ఎంత చెమట పట్టిందో నన్ను ఓడించడానికి? దొరికిన మాట ఎంత దరిద్రంగా ఉన్నా చెప్పేశాడు చూడు!"

కొత్త చెప్పులు తొడుక్కుని టకటకా మెట్లు దిగింది. కాసేపటికి మెట్ల కింది వంటగది నుంచి సైరన్ మోగింది: "ఏమే, టీ పొడి ఎక్కడ తగలేశారు?" తెలియదు మరి, టీ పందెం మొదలయ్యాక ఒక్కసారైనా ఓడితేనా! నేను పైనుంచే కేకేసి చెప్పాను.

రెండు కప్పులు పట్టుకుని కాటా దగ్గరికి నడిచింది. ఇటుకల లారీ అప్పటికే దిగి పక్కకి పోయింది. ఆవిడ వెళ్ళి మళ్ళీ ఆ ఇనప పలక మధ్యలోనే నిలబడింది. ఆయన కంగారులో తన మైకు ఆపలేదేమో, ఇద్దరి మాటలూ లౌడ్‌స్పీకర్లలో వినపడుతూనే ఉన్నాయి.

"చక్కెర ఎంత వేసుకుంటారో తెలీక వెయ్యలేదు. చెప్పండి."

"పరవాలేదు మేడమ్, ఎంతైనా..."

"ఎంతైనా అంటే కుదరదు! మీకు కావలసింది మీరు చెప్పాలి, నాకు కావలసింది నేను చెప్పాలి, కుదరకపోతే పోట్లాడుకోవాలి. ఎన్ని చెంచాలు? నాకు రేపట్నించీ తెలిసుండాలి కదా."

ఆయన గదిలోంచి బయటికొచ్చాడు. వచ్చి, పలక ఎక్కి, ఆవిడ ఎదురుగా నిలబడి కప్పు అందుకున్నాడు. బోర్డు మీద ఎర్రటి అంకెలు ఒక్కసారి గెంతి, ఇద్దరి బరువూ కలిపి చూపించి ఆగాయి. "రెండున్నర" అన్నాడు. "రెండు చాలు!" అంది. "రెండున్నరే" అన్నాడాయన, మెత్తగానే, కానీ వెనక్కి తగ్గకుండా. అత్త నవ్వింది.

వెనక గేటు దగ్గర లారీలు వరసకట్టాయి. ఒకడు హారన్ కొట్టాడు, తర్వాత ఇంకొకడు. అద్దాల గదిలో మైకు ముందు సీటు ఖాళీగా ఉంది. నేను వెళ్ళి అందులో కూర్చున్నాను. బొత్తాం నొక్కాను.

"మావయ్యా, అత్తని తీసుకుని కాటా దిగండి. వెనక బండ్లు ఆగిపోయాయి."